దూరపు పక్షుల కోసం టెలీ లెన్స్ ఎంపిక: నా అనుభవం

టెలీ లెన్స్ ఎంపికను నేను లెన్సుల జాబితాతో కాక పక్షుల జాబితాతో మొదలుపెట్టాను. ఏ పక్షి, ఎంత పొడవు, మనిషిని ఎంత దగ్గరకు రానిస్తుంది, ఏ వేళ బయటికొస్తుంది అన్నవి కాగితం మీద రాసుకున్నాక, అప్పటిదాకా మనసులో ఉన్న లెన్సుల్లో సగం వాటంతట అవే పక్కకు పోయాయి. 400 ఎంఎం చాలా, 600 కావాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ముందు దూరం చెప్పండి, తర్వాత పక్షి పేరు చెప్పండి.

లెక్క చాలా చిన్నది. పక్షి పొడవును ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు పేరులో ఎంఎంలో ఉండే 400, 600 లాంటి అంకె) గుణించి, దూరంతో భాగిస్తే సెన్సర్ (కెమెరాలో బొమ్మను పట్టే పలక) మీద పడే బొమ్మ పొడవు వస్తుంది. అన్నీ మిల్లీమీటర్లలోనే ఉండాలి. పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. అది 15 మీటర్ల దూరంలో ఉంటే 400 ఎంఎం లెన్సుతో బొమ్మ 4 మిల్లీమీటర్లు, 600తో 6, 800తో 8. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే 600 పెట్టినా పిచ్చుక ఫ్రేములో ఆరో వంతే. నారాయణపక్షి లాంటి పెద్ద కొంగ 90 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి 60 మీటర్ల దూరంలో నిలబడ్డా అదే లెన్సుతో 9 మిల్లీమీటర్ల బొమ్మ ఇస్తుంది. చెరువు అవతలి ఒడ్డున ఉన్న కొంగ కంటే ఎదురుగా కొమ్మ మీదున్న పిచ్చుకకే పెద్ద లెన్సు కావాలన్న సంగతి ఈ లెక్క వేసుకునేదాకా చాలామందికి తట్టదు.

దూరాన్ని కళ్లతో అంచనా వేస్తే తప్పుతుంది. అందుకు లేజర్ రేంజ్‌ఫైండర్ అక్కర్లేదు, మన దగ్గరున్న పాత ఫొటోలే చెబుతాయి. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. 300 ఎంఎం లెన్సుతో తీసిన ఫొటోలో పక్కకు తిరిగి కూర్చున్న పిచ్చుక ముక్కు నుంచి తోక దాకా 400 పిక్సెళ్లు ఉందనుకోండి. 400ను 0.006తో గుణిస్తే 2.4 మిల్లీమీటర్లు. 150ని 300తో గుణించి 2.4తో భాగిస్తే 18,750, అంటే పిచ్చుక దాదాపు 19 మీటర్ల దూరంలో ఉంది. ఇలా పాత ఫొటోలు కొన్ని తీసి లెక్కేస్తే మనం నిజంగా ఎంత దూరం నుంచి తీస్తున్నామో బయటపడుతుంది. పక్షి మనవైపు ముఖం పెట్టి కూర్చున్న ఫొటోలు ఈ లెక్కకు పనికిరావు. అలాంటప్పుడు పొడవు కురచగా కనిపిస్తుంది.

తర్వాతి మెట్టు పిక్సెళ్లు. సెన్సర్ మీద 6 మిల్లీమీటర్ల బొమ్మ 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో 1,000 పిక్సెళ్లు అవుతుంది. 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు 1,380, సెన్సర్ చిన్నదైన 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాలో దాదాపు 1,530. నా కొలమానం ఇది: పక్షి పొడవునా 1,000 పిక్సెళ్లు ఉంటే తెర మీద ఈకల గీతలు కనిపిస్తాయి. 1,500 దాటితే కంటి చుట్టూ ఉండే సన్న ఈకలు కూడా విడివిడిగా తెలుస్తాయి. 500 కంటే తక్కువైతే అది ఏ పక్షో గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. ఏపీఎస్-సీ కెమెరా 600ను 900 చేస్తుందని అంటారు గానీ, లెన్సు వేసే బొమ్మ పెద్దదేమీ కాదు. చుట్టూ ఉన్న భాగం కోతపడుతుంది, అంతే. పక్షి మీద నిజంగా ఎక్కువ పిక్సెళ్లు పడేది ఆ సెన్సర్‌లో పిక్సెళ్లు చిన్నవి కావడం వల్ల. అందుకే ఈ ఒకటిన్నర రెట్ల లెక్కను, అంటే క్రాప్ ఫ్యాక్టర్‌ను, పక్కనపెట్టి పిక్సెల్ సైజునే చూడమంటాను.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు 800 ఎంఎం ఉన్న అతి తేలికైన లెన్సు తీసుకుంటే సరిపోతుందనుకుంటారు. అక్కడే వెలుతురు సంగతి వస్తుంది. నా ఎంపికను అసలు తేల్చింది ఇదే.

ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో (ఎఫ్/5.6లోని 5.6 లాంటి అంకె) భాగిస్తే లెన్సు వెలుతురును తీసుకునే ద్వారం వ్యాసం వస్తుంది. పక్షి ఫ్రేము నిండా లేనప్పుడు, అంటే దూరపు పక్షుల విషయంలో దాదాపు ఎప్పుడూ, ఆ పక్షి నుంచి మనకు చేరే మొత్తం వెలుతురును నిర్ణయించేది ఈ వ్యాసమే. దూరం, షట్టర్ స్పీడ్ ఒకటే అయితే సెన్సర్ చిన్నదా పెద్దదా అన్నది ఆ మొత్తాన్ని మార్చదు. పక్షి నుంచి ఆ ద్వారంలోకి వచ్చిన వెలుతురంతా పక్షి బొమ్మ మీదే పడుతుంది కదా. కాబట్టి నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) ఎంత ఉంటుందో పోల్చడానికి ఎఫ్ నంబర్ల కంటే ఈ వ్యాసాలే మేలు.

400 ఎంఎం ఎఫ్/5.6కు వ్యాసం 71 మిల్లీమీటర్లు. కెనాన్ ఆర్ఎఫ్ 100–500 లెన్సు 500 దగ్గర ఎఫ్/7.1 కాబట్టి 70. కెనాన్ 800 ఎంఎం ఎఫ్/11కు 73. ఓఎం సిస్టమ్ 300 ఎంఎం ఎఫ్/4కు 75. ఫుజీ 150–600 లెన్సు 600 దగ్గర ఎఫ్/8, అంటే అదీ 75. చూడ్డానికి ఒకదానికొకటి పోలికే లేని ఈ ఐదు లెన్సులూ వెలుతురు విషయంలో ఒకే వరుసలో నిలబడతాయి. ఆ పై మెట్టు మీద నికాన్, సిగ్మాల 500 ఎంఎం ఎఫ్/5.6 లెన్సులు 89 మిల్లీమీటర్లతో ఉంటాయి. కెనాన్ 200–800 కూడా 800 దగ్గర ఎఫ్/9 కావడంతో 89కే వస్తుంది. సోనీ 200–600, నికాన్ 180–600, సిగ్మా, టామ్రాన్‌ల 150–600 లెన్సులన్నీ 600 దగ్గర ఎఫ్/6.3, అంటే 95. నికాన్ 800 ఎంఎం ఎఫ్/6.3కు 127. 600 ఎంఎం ఎఫ్/4కు 150.

వెలుతురు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 71 నుంచి 95కు వెళ్తే దాదాపు 1.8 రెట్లు, 95 నుంచి 150కి వెళ్తే దాదాపు 2.5 రెట్లు. తెల్లవారుజామున, దట్టమైన చెట్ల నీడలో 1/1000 సెకను పెట్టి ఎఫ్/6.3 దగ్గర ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 6,400 అవసరమైన చోట, ఎఫ్/4 అయితే 2,500 సరిపోతుంది. ఎఫ్/11 అయితే దాదాపు 20,000కు పోతుంది. మంచి ఎండలో ఈ తేడాలేవీ బాధించవు. కాబట్టి మొదట రాసుకున్న కాగితంలో 'ఏ వేళ' అన్న గడి ఇక్కడ అక్కరకొస్తుంది. నీటి పక్షులు, ఎగిరే గద్దలు ప్రధానమైతే ఎఫ్/8, ఎఫ్/9 లెన్సులు చక్కగా సరిపోతాయి. అడవి లోపల, పొదల్లో తిరిగే చిన్న పక్షులే కావాలంటే ద్వారం 90 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవడం మంచిది.

టెలికన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచే అదనపు గాజు) విషయంలో కూడా ఈ వ్యాసమే స్పష్టత ఇచ్చింది. 600 ఎంఎం ఎఫ్/6.3కు 1.4 రెట్ల కన్వర్టర్ పెడితే 840 ఎంఎం ఎఫ్/9 అవుతుంది. ద్వారం మాత్రం 95 దగ్గరే ఉంటుంది. అంటే పక్షి నుంచి కొత్తగా వెలుతురేమీ రాదు, అదే వెలుతురు ఎక్కువ పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. పిక్సెళ్లు పెద్దవిగా ఉన్న 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో దానివల్ల నిజమైన వివరం పెరుగుతుంది. పిక్సెళ్లు ముందే చిన్నవిగా ఉన్న సెన్సర్ మీద లాభం తగ్గిపోతుంది, లెన్సు అంత సన్నని వివరం ఇవ్వలేకపోతే కేవలం పెద్ద మసక వస్తుంది. 2 రెట్ల కన్వర్టర్ పెడితే అదే లెన్సు ఎఫ్/13 అవుతుంది. తక్కువ వెలుతురులో ఆటోఫోకస్ వెనకా ముందూ వెతుకుతూ ఉండిపోతుంది. ఎఫ్/4 ప్రైమ్ లెన్సుకు (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు) కన్వర్టర్ పెట్టడం ఒక పద్ధతి, ఎఫ్/6.3 జూమ్‌కు పెట్టడం వేరే. రెండోదాన్ని నేను కదలని పక్షికి, ఎండ ఉన్నప్పుడు మాత్రమే వాడతాను. కెనాన్ ఆర్ఎఫ్ 100–500కు కన్వర్టర్ పెడితే జూమ్ 300 కంటే వెనక్కి రాదన్నది కొనేముందే తెలిసుండాలి. బ్యాగులో పెట్టేటప్పుడు కూడా లెన్సు ఆ పొడవులోనే ఉంటుంది.

కెమెరాకూ లెన్సుకూ పొత్తు కుదురుతుందా లేదా అన్నది ఆ తర్వాత చూశాను. పాత డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం ఉన్న కెమెరాలు) చాలావరకు ఎఫ్/5.6 దాటితే ఆటోఫోకస్‌కు హామీ ఇవ్వవు, కొన్ని మధ్య పాయింట్లతో ఎఫ్/8 దాకా పనిచేస్తాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ గోడ లేదు గానీ ఇతర పరిమితులున్నాయి. కెనాన్ 600, 800 ఎంఎం ఎఫ్/11 లెన్సులను ఈఓఎస్ ఆర్5, ఆర్6 లాంటి కెమెరా బాడీలకు పెడితే ఫోకస్ పాయింట్లు ఫ్రేము మధ్యలో 40 శాతం వెడల్పు, 60 శాతం ఎత్తు మేరకే పనిచేస్తాయి. ఎగిరే పక్షి ఆ పెట్టె దాటిందంటే ఫోకస్ వదిలేస్తుంది. సోనీ బాడీల మీద సిగ్మా, టామ్రాన్ లెన్సులకు సెకనుకు 15 ఫ్రేములే హద్దు, టెలికన్వర్టర్ పెట్టే వీలూ లేదు. పాత నికాన్ లెన్సులను జెడ్ బాడీలకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ లేదు కాబట్టి, కెమెరాలోని మోటార్ తిప్పే స్క్రూ డ్రైవ్‌తో నడిచే పాత లెన్సులు జెడ్ బాడీల మీద చేత్తోనే ఫోకస్ చేయాల్సి వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కనిపించే పాత టెలీ లెన్సుల్లో ఇలాంటివి ఉంటాయి. లెన్సు బాగున్నా మన బాడీ మీద ఎగిరే పక్షికి పనికిరాదు.

ప్రైమా, జూమా అన్న వాదన చాలా పొడుగ్గా సాగుతుంటుంది. నాకు దాన్ని తేల్చింది పదును కాదు. 600 ఎంఎం లెన్సు 15 మీటర్ల దూరంలో చూపించేది 90 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. ఆకుల మధ్య దూకుతూ తిరిగే పక్షిని ఆ చిన్న కిటికీలో దొరకబుచ్చుకోవడానికి బాగా సాధన కావాలి. అదే 180 దగ్గర 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు కనిపిస్తుంది. వెడల్పు వైపు పెట్టి పక్షిని పట్టుకుని, దాన్ని మధ్యలో ఉంచుతూనే 600కు తిప్పడం జూమ్‌తోనే అవుతుంది. దానికి జూమ్ రింగ్ ఒక్క మణికట్టు తిప్పుతో ఆ చివర నుంచి ఈ చివరకు రావాలి. సోనీ 200–600, నికాన్ 180–600లలో రింగ్ సుమారు 70 డిగ్రీలు తిరిగితే చాలు. పైగా ఈ రెండింట్లో జూమ్ లోపలే జరుగుతుంది, లెన్సు పొడవు మారదు. అందువల్ల గింబల్ హెడ్ (లెన్సును తూకంగా ఉంచి ఎటైనా తిప్పనిచ్చే ట్రైపాడ్ తల) మీద ఒకసారి బ్యాలెన్స్ కుదిరితే మళ్లీ చెదరదు. ముందుకు సాగే లెన్సులు బ్యాగులో తక్కువ చోటు తీసుకుంటాయి, అది వాటి మంచి గుణం. కానీ సాగినప్పుడల్లా బరువు ముందుకు పోతుంది, కొన్నింట్లో ముక్కు కిందికి పెట్టి నడిస్తే తనంతట తనే జారి సాగిపోతుంది. అందుకే వాటికి లాక్ ఉంటుంది, నడిచేటప్పుడు వేసుకోవాలి.

ఇక పాటవమున్న చేతికి ప్రైమ్ ఇచ్చే హాయి వేరు. ఫ్రెనెల్ రకం గాజు వాడిన నికాన్ 500 ఎంఎం ఎఫ్/5.6 బరువు 1,460 గ్రాములే, జెడ్ 600 ఎంఎం ఎఫ్/6.3 కాలర్‌తో (ట్రైపాడ్‌కు బిగించడానికి లెన్సు చుట్టూ ఉండే పట్టీ) 1,470 గ్రాములు. ఎగిరే పక్షుల వెంట రోజంతా లెన్సు తిప్పేవాళ్లకు వీటిని మించినవి నాకు కనిపించలేదు. సూర్యుడికి ఎదురుగా తీస్తే ఫ్రెనెల్ గాజు వల్ల ప్రత్యేకమైన ఫ్లేర్ (వెలుగు మరకలు) రావచ్చు, అంతకుమించి నిత్యం వాడుకలో చెప్పుకోదగ్గ లోటు లేదు.

బరువును స్పెసిఫికేషన్ కాగితంలో చదివి నిర్ణయించకూడదు. 1.4 కిలోలు, 2.1 కిలోలు, 3 కిలోలు అన్న మూడు తరగతులనూ మన కెమెరా బాడీతో కలిపి చేతిలో పట్టుకుని చూడాలి. నేను చూసే పద్ధతి: నడుము దగ్గర నుంచి కంటి దాకా లేపి, దూరంగా ఉన్న ఒక చిన్న వస్తువును మధ్య పాయింట్ కింద పెట్టి రెండు నిమిషాలు అలాగే ఉంచడం. కొమ్మ మీది పక్షి తల తిప్పేదాకా కాచుకోవడానికి పట్టే సమయం అలాంటిదే. ఎడమ చెయ్యి లెన్సు కింద బరువు సమంగా తూగే చోట ఉండాలి, మోచెయ్యి పక్కటెముకలకు ఆనాలి. రెండు నిమిషాలు తిరగకముందే ఫ్రేము ఊగడం మొదలైతే ఆ లెన్సును మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకుండా వాడలేరు. దాన్ని లోపంగా చూడనక్కర్లేదు, మోనోపాడ్‌ను కూడా ఎంపికలో భాగంగా లెక్కేసుకుంటే చాలు. 3 కిలోలు దాటిన 600 ఎఫ్/4 లాంటి వాటికైతే గింబల్ హెడ్ ఉన్న గట్టి ట్రైపాడ్ తప్పనిసరనే అనుకోండి. స్ట్రాప్‌ను ఎప్పుడూ లెన్సు కాలర్‌కే తగిలించాలి. కెమెరాకు తగిలిస్తే 2 కిలోల లెన్సు భారమంతా మౌంట్ మీద పడుతుంది.

దూరపు పక్షుల లెన్సుకు దగ్గరి ఫోకస్ దూరంతో పనేమిటనిపిస్తుంది. మరుగున కదలకుండా కూర్చుంటే పక్షులు మనం ఊహించనంత దగ్గరకు వస్తాయి. ఫోకస్ పడే అతి తక్కువ దూరం కెనాన్ 800 ఎఫ్/11 అయితే 6 మీటర్లు, నికాన్ 800 ఎఫ్/6.3 అయితే 5 మీటర్లు, సోనీ 200–600 అయితే 2.4 మీటర్లు. ఆ హద్దు లోపలికి వచ్చిన పక్షికి ఫోకస్ అసలు పడదు. అయితే దగ్గరి దూరాల్లో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (పదునుగా కనిపించే లోతు) కూడా బాగా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ఫుల్ ఫ్రేమ్‌లో 600 ఎంఎం, ఎఫ్/6.3 దగ్గర 15 మీటర్లకు అది సుమారు 24 సెంటీమీటర్లు, 6 మీటర్లకు 4 సెంటీమీటర్లు కూడా ఉండదు. కన్ను పదునుగా ఉండి తోక మసకగా ఉంటే లెన్సును తప్పుపట్టడానికి లేదు.

ఇవన్నీ కలిపి చూసుకున్నాక నేను తేల్చుకున్నది 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి నికాన్ 180–600 ఎంఎం. నా జాబితాలో చిన్న పక్షులు ఎక్కువ, దూరాలు 10 నుంచి 25 మీటర్లు, వెలుతురు తరచూ పొద్దుటి పూటది. 15 మీటర్లలో పిచ్చుకకు 1,380 పిక్సెళ్లు, 25 మీటర్లలో దాదాపు 830. ద్వారం 95 మిల్లీమీటర్లు. కాలర్‌తో 2,140 గ్రాములు, నా చేతికి అదే పై హద్దు. 600 ఎఫ్/4 ఇచ్చే వెలుతురు మీద మోజు లేదనను, కానీ దాన్ని మోసుకుంటూ పొదల వెంట వంగి నడవడం నాకు కుదిరే పని కాదు. తక్కువ దూరం నడిచి ఒకేచోట మాటు వేసి కూర్చునేవాళ్లు ఇదే లెక్కతో వేరే నిర్ణయానికి రావచ్చు, అదీ సరైనదే.

లెన్సు చేతికొచ్చాక తిరిగి ఇచ్చే గడువు దాటకముందే పరీక్షలు పూర్తిచేయాలి. మొదట డీసెంటరింగ్, అంటే లోపలి గాజుల్లో ఏదైనా పక్కకు జరిగి ఉండటం. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపి, సెల్ఫ్ టైమర్ పెట్టి, ఇటుక గోడ లాంటి చదునైన దాన్ని 20 మీటర్ల దూరం నుంచి, ద్వారం (అపర్చర్) పూర్తిగా తెరిచి తీయాలి. సెన్సర్ గోడకు సమాంతరంగా ఉండటం ముఖ్యం, లేదంటే మంచి లెన్సు కూడా ఒక పక్క మసకగా కనిపిస్తుంది. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఇంకొకటి ఉంది. దూరాన ఉన్న ఒకే చిన్న గురుతును ఫ్రేము నాలుగు మూలలకూ ఒక్కొక్కటిగా తెచ్చి, ప్రతిసారీ ఫోకస్ కొత్తగా చేసి తీయడం. నాలుగూ కాస్త మెత్తగా ఉన్నా ఒకేలా ఉంటే సరే. ఒక్క మూల మాత్రమే మిగతా వాటికంటే కొట్టొచ్చినట్టు మసకగా ఉంటే ఆ కాపీని మార్పించుకోవాలి. 180, 400, 600 మూడు చోట్లా చూడాలి, ఎందుకంటే జూమ్‌లో ఒక చోట కనిపించని దోషం మరో చోట బయటపడుతుంది.

రెండోది ఆటోఫోకస్ నిలకడ. ముద్రించిన సన్నని అక్షరాలున్న కాగితాన్ని 10 మీటర్లలో ఒకసారి, 25 మీటర్లలో ఒకసారి పెట్టి, ప్రతి ఫొటోకు ముందు ఫోకస్‌ను కావాలని చెదరగొట్టి పది ఫొటోలు తీస్తాను. పదిలో తొమ్మిది ఒకే పదునులో ఉండాలి. డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లకు పదీ ఒకేలా ముందుకో వెనక్కో తప్పితే అది లెన్సు పాడవడం కాదు, కెమెరాలోని ఫైన్ ట్యూన్ అనే ఫోకస్ సవరణతో సరిచేయొచ్చు. జూమ్ లెన్సుల్లో ఆ సవరణ దూరాన్ని బట్టి, ఫోకల్ లెంగ్త్‌ను బట్టి మారుతుంది. సిగ్మా, టామ్రాన్‌లు అందుకోసం యూఎస్‌బీ డాక్, ట్యాప్-ఇన్ కన్సోల్ అనే పరికరాలు ఇస్తాయి. మిర్రర్‌లెస్ కెమెరా సెన్సర్ మీదే ఫోకస్ చూస్తుంది కాబట్టి సాధారణంగా ఈ తంటా ఉండదు.

సెకండ్‌హ్యాండ్ లెన్సయితే చీకటి గదిలో ఒక చివర నుంచి టార్చి వేసి మరో చివర నుంచి చూడాలి. నాలుగు ధూళి రేణువులు ఫొటోలో కనిపించవు. సాలెగూడు దారాల్లా అల్లుకున్న ఫంగస్, పొగలా పరుచుకున్న తెల్లటి పొర ఉంటే వదిలేయాలి. కాలర్ తిప్పినప్పుడు గరగర ఉందా, జూమ్ రింగ్ మధ్యలో పట్టేస్తుందా, మౌంట్ దగ్గర ఊగుతుందా అన్నవి చేతికే తెలుస్తాయి. స్టెబిలైజేషన్ పెట్టి షట్టర్ సగం నొక్కినప్పుడు వచ్చే చిన్న గుయ్యిమన్న శబ్దం మామూలే. బొమ్మ ఒక్కసారిగా గెంతినా, వణుకుతూనే ఉన్నా ఆ భాగం పాడైనట్టే.

ఫొటో మెత్తగా వచ్చిందని లెన్సును అనుమానించే ముందు గాలిని అనుమానించమని గట్టిగా చెబుతాను. ఎండెక్కాక నేల నుంచి, నీటి అంచు నుంచి, రాళ్ల నుంచి లేచే వేడి గాలి వెలుతురును వంచుతుంది. 30 మీటర్లు దాటాక ఏ లెన్సూ దాన్ని జయించలేదు. ఫోకల్ లెంగ్త్ పెంచితే ఆ వణుకు కూడా పెద్దదవుతుంది. కదలని పక్షిని ఒక బర్స్ట్ (ఆగకుండా వరస ఫొటోలు) తీసి 100 శాతంలో వరసగా చూస్తే కారణం తెలిసిపోతుంది. ఒక ఫ్రేము పదునుగా, పక్కది మెత్తగా ఉండి, పక్షి అంచులు ఫ్రేము ఫ్రేముకూ వంకర మారుతుంటే అది గాలి. ఈకలు తడి కాగితం మీద రంగు పాకినట్టు కనిపిస్తాయి. అన్ని గీతలూ ఒకే దిక్కుకు సాగి రెండుగా కనిపిస్తే చెయ్యి ఊగింది. పక్షి మసకగా ఉండి దాని ముందున్న ఆకో వెనకున్న కొమ్మో పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. తల ఒక్కటే మసకగా ఉండి కాళ్లు, కొమ్మ పదునుగా ఉంటే పక్షి కదిలింది. ఈ నాలుగింట్లో ఏదీ కాకుండా ప్రతి ఫ్రేమూ ఒకే రకంగా మెత్తగా ఉంటే, అప్పుడు లెన్సు గురించి ఆలోచించాలి. కారు లోపలి నుంచి తీసేటప్పుడు, లోపలి గాలికీ బయటి గాలికీ వేడిలో తేడా ఉంటే కిటికీ దగ్గరే ఈ వణుకు పుడుతుంది. ఇంజిన్ ఆపి, కిటికీ పూర్తిగా దించి, రెండు ఉష్ణోగ్రతలూ సర్దుకునేదాకా ఆగాలి. వెచ్చటి చోటు నుంచి చల్లని బయటికి తెచ్చిన లెన్సు హుడ్‌లో కూడా వేడి గాలి కాసేపు నిలిచి ఉంటుంది.

షట్టర్ స్పీడ్ సంగతి కూడా పిక్సెళ్లతోనే తేలుతుంది. 45 మెగాపిక్సెల్ బాడీలో 600 ఎంఎం దగ్గర, 15 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ పక్షి మీద 0.11 మిల్లీమీటర్లు. పక్షి తలను సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో తిప్పినా 1/500 సెకనులో 0.6 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే ఐదారు పిక్సెళ్ల చెదురు. స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గానీ పక్షి కదలికను ఆపలేదు. అందుకే చిన్న పక్షులకు 1/1000 నుంచి 1/1600, ఎగిరేవాటికి 1/2000 నుంచి 1/3200 పెడతాను. నీటిలోకి దూకే లకుముకి పిట్టకు 1/3200 కంటే తగ్గను. కొంగ లాంటివి కదలకుండా నిలబడితే 1/250కి దిగి, చిన్న బర్స్టులు తీసి, అందులో పదునైనది ఉంచుకుంటాను. బర్స్టు తీసేటప్పుడు స్టెబిలైజేషన్‌ను స్పోర్ట్ మోడ్‌లో ఉంచితే వ్యూఫైండర్‌లో పక్షి అడ్డదిడ్డంగా గెంతదు.

మిగిలినవి చిన్న సర్దుబాట్లు. నా లెన్సు ఫుట్ (కాలర్ కింది పాదం) ట్రైపాడ్ హెడ్‌లో నేరుగా జారి బిగిసే ఆర్కా రకం ప్లేటు కాదు, దానికి వేరే ప్లేటు బిగించాలి. రెండు స్క్రూలతో బిగించేది తీసుకుంటే పక్కకు తిరగదు. 95 మిల్లీమీటర్ల ఫిల్టర్ అంచు ఉంది గానీ యూవీ ఫిల్టర్ పెట్టను. ఇంత ఫోకల్ లెంగ్త్ దగ్గర నాసిరకం గాజు పదునును ఇట్టే తినేస్తుంది, దెబ్బల నుంచి కాపాడటానికి హుడ్ చాలు. ఫోకస్ లిమిటర్‌ను 6 మీటర్ల నుంచి అనంతం దాకా ఉన్న స్థానంలో పెడితే, ఆకాశంలో పక్షి తప్పిపోయినప్పుడు లెన్సు దగ్గరి దూరాలన్నీ వెతికి రాకుండా త్వరగా తిరిగి అందుకుంటుంది. మాటులో కూర్చున్నప్పుడు మాత్రం దాన్ని మళ్లీ ఫుల్‌కు మార్చాలి. 5 మీటర్ల దూరంలో వచ్చి వాలిన పక్షికి ఎంత నొక్కినా ఫోకస్ పడకపోతే మొదట చూడాల్సింది ఆ స్విచ్చే.